కింద దురద, మంట, వాపు: క్రీము రాసే ముందు వరసగా చేయాల్సినవి

గజ్జల్లో దురద అనో, కింద మంటగా ఉందనో, తెల్లబట్ట ఎక్కువైందనో మందు అడగడానికి వచ్చేవాళ్ళు పక్కన ఇంకొకరు నిలబడగానే గొంతు తగ్గించేస్తారు. కొందరు అసలేం చెప్పరు. వాడేసిన ట్యూబు తోక ముక్కని కాగితంలో చుట్టి తెచ్చి, "ఇదే ఇంకోటి ఇవ్వండి" అంటారు. విజయవాడ వన్‌టౌన్‌లో మెడికల్ షాపు కౌంటర్ వెనకే నా పని. "ఏం రాయాలి?" అని అడిగేవాళ్ళే తప్ప "ఇదేమై ఉంటుంది?" అని అడిగేవాళ్ళు తక్కువ. అదేమిటో తేలకముందే రాసిన మందులతో చాలామందికి చిన్న సమస్య కాస్తా ముదిరిపోతుంది.

అందుకే ఇక్కడ క్రీము ఆరో మెట్టులో గానీ రాదు. నేను ఫార్మసిస్టుని, డాక్టర్ని కాను. జబ్బు నిర్ధారణ చేసేది డాక్టరే. ఆయన దగ్గరికి వెళ్ళేదాకా ఏం చేయాలో, ఏం మానాలో, ఎప్పుడు పరుగెత్తాలో కింద రాశాను.

1. ముందు ఇవి చూడండి: ఉంటే నేరుగా ఆసుపత్రికి

వృషణంలో ఉన్నట్టుండి తీవ్రమైన నొప్పి వస్తే తెల్లారేదాకా ఆగకూడదు. 12 నుంచి 18 ఏళ్ళ మగపిల్లల్లో ఇది ఎక్కువగా కనిపిస్తుంది. వృషణానికి రక్తం తెచ్చే తాడు మెలిపడిపోయి సరఫరా ఆగిపోతుంది. ఆరు గంటల లోపు ఆపరేషన్ చేసి మెలి విప్పితే వృషణం దక్కే అవకాశం బాగా ఉంటుంది. ఆ తర్వాత గంట గంటకీ తగ్గిపోతుంది.

చిక్కెక్కడంటే పిల్లాడు సిగ్గుపడి "కడుపునొప్పి" అంటాడు. ఒకటి రెండు వాంతులు అవుతాయి. ఇంట్లోవాళ్ళు గ్యాస్ టాబ్లెట్ వేసి పడుకోబెడతారు. టీనేజీ అబ్బాయి అర్ధరాత్రి పొత్తికడుపు నొప్పి అంటే "కింద కూడా నొప్పి ఉందా నాన్నా?" అని తండ్రో మేనమామో సూటిగా అడగాలి. ఇంటర్ హాస్టళ్ళు నిండా ఉన్న ఊళ్ళు మనవి, వార్డెన్లు కూడా ఈ ప్రశ్న నేర్చుకోవాలి. తీసుకెళ్ళేటప్పుడు దారిలో ఏమీ తినిపించకండి, ఆపరేషన్ పడొచ్చు.

మిగతా అత్యవసరాలు:

- వెనక్కి లాగిన ముందు చర్మం మళ్ళీ ముందుకు రాక, అంగం చివర వాచిపోవడం
- గజ్జల్లో ఉన్న గిలక (హెర్నియా) లోపలికి పోకుండా గట్టిపడి, నొప్పి, వాంతులు మొదలవడం
- మూత్రం పూర్తిగా బిగిసిపోవడం
- మూత్రంలో మంటతో పాటు చలిజ్వరం, నడుము పక్కన నొప్పి
- ఆడవాళ్ళకు జ్వరంతో పొత్తికడుపు నొప్పి, లేదా గర్భంతో ఉండగా రక్తం కనపడటం
- షుగర్ ఉన్నవాళ్ళకు గజ్జలు, వృషణాల సంచి, యోని చుట్టుపక్కల వేగంగా పాకే వాపు, చర్మం నల్లబడటం, జ్వరం

ఇందులో ఏదున్నా 108కి ఫోన్ చేయండి, లేదా దగ్గర్లోని పెద్దాసుపత్రి క్యాజువాల్టీకి వెళ్ళండి.

2. అద్దం, వెలుతురు, పది నిమిషాలు

తలుపు గడియ పెట్టుకుని, ట్యూబులైటు వెలుగులో, చేతి అద్దంతో ఒకసారి సరిగ్గా చూసుకోండి. మామూలుగా ఎలా ఉంటుందో తెలియనివాళ్ళకు మారినప్పుడు తెలియదు.

ఆడవాళ్ళకు పైన క్లిటోరిస్, దాని కింద చిన్న మూత్రద్వారం, ఆ కింద యోని ద్వారం, వెనక మలద్వారం. మూత్రం, బహిష్టు ఒకే దారిన వస్తాయని పెళ్ళయి పిల్లలున్నవాళ్ళు కూడా అనుకుంటూ ఉంటారు. అవి వేర్వేరు దారులు. లోపలి పెదవులు ఒకటి పెద్దగా ఒకటి చిన్నగా ఉండటం, బయటికి కనపడటం, ఒంటి రంగు కన్నా నల్లగా ఉండటం మామూలే. తెల్లబడటానికి క్రీములు అక్కర్లేదు.

మగవాళ్ళకు ఒక వృషణం, చాలామందిలో ఎడమది, కాస్త కిందకి వేలాడుతుంది. వేడినీళ్ళ స్నానం తర్వాత సంచి వదులుగా ఉన్నప్పుడు బొటనవేలు, చూపుడు వేలు మధ్య మెల్లగా తిప్పి చూడండి. వృషణం నున్నగా ఉండాలి. వెనక వైపు మెత్తటి తాడులా తగిలేది వీర్యకణాలు నిలవుండే గొట్టం, దాన్ని గడ్డ అనుకుని కంగారు పడకండి. వృషణం మీదే నొప్పి లేని గట్టి గడ్డ తగిలితే మాత్రం ఆ వారంలోనే చూపించుకోవాలి. నొప్పి లేదు కదా అని వదిలేసేది సరిగ్గా ఇలాంటిదాన్నే.

అంగం శిఖ చుట్టూ వరసగా ఉండే సన్నటి ముత్యాల్లాంటి పొక్కులు, చర్మం మీద లేత పసుపు చుక్కలు జబ్బు కావు, అంటవు. ముందు చర్మం కింద తెల్లగా చేరేది రాలిన చర్మకణాలు, జిడ్డు, రోజూ నీళ్ళతో కడిగితే పోతుంది. చిన్నపిల్లలకు ఆ చర్మం వెనక్కి రాకపోతే బలవంతాన లాగొద్దు, చిట్లి గట్టిపడుతుంది.

నిద్రలో వీర్యం పోవడం జబ్బు కాదు. బస్టాండు చుట్టుపక్కల గోడల మీద "లాడ్జిలో సంప్రదించండి" అని రాసేవాళ్ళకు ఈ ఒక్క భయమే పెట్టుబడి.

3. రాస్తున్నవన్నీ ఆపి, ట్యూబు మీద పేర్లు చదవండి

ఇంతవరకు ఏం రాశారో అన్నీ ఒకచోట పెట్టండి. కంపెనీ పేరు వదిలేసి, దాని కింద చిన్న అక్షరాల్లో ఉన్న మందుల పేర్లు చదవండి. క్లోబెటసోల్, బీటామెథాసోన్, బెక్లోమెథాసోన్, మొమెటాసోన్, ఫ్లూసినోలోన్: వీటిలో ఏది కనపడ్డా అందులో స్టెరాయిడ్ ఉన్నట్టే. ఒకే ట్యూబులో మూడు నాలుగు మందులు కలిపి ఉంటే అందులో ఒకటి స్టెరాయిడ్ అయ్యే అవకాశం చాలా ఎక్కువ.

గజ్జల్లో తామర మీద ఇది రాస్తే రెండు రోజుల్లో దురద, ఎరుపు తగ్గుతాయి. ఫంగస్ మాత్రం తగ్గదు. స్టెరాయిడ్ ఆ చోట చర్మం రోగనిరోధక శక్తిని అణిచేస్తుంది కాబట్టి అది హాయిగా పాకుతుంది. ఆపగానే దురద రెట్టింపై తిరగబడుతుంది, మళ్ళీ అదే ట్యూబు కోసం వస్తారు. నెలల తరబడి ఇలా నడిస్తే తొడల లోపలి చర్మం పల్చబడి చారలు పడతాయి. ఆ చారలు పోవు. పైగా తామర అసలు రూపం మారిపోయి, చూసిన డాక్టరుకి కూడా గుర్తుపట్టడం కష్టమవుతుంది.

2018లో కేంద్ర ప్రభుత్వం ఇలాంటి స్టెరాయిడ్ క్రీములను షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. అంటే డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. అడగ్గానే తీసిచ్చే కౌంటర్లు లేవని నేను చెప్పను. నాకు ఇది మా వృత్తికి సిగ్గుచేటు అనిపిస్తుంది.

స్టెరాయిడ్ ఆపాక దురద పెరిగితే మళ్ళీ దాని జోలికి పోకుండా చర్మ డాక్టరు దగ్గరికి వెళ్ళండి. క్రీములతో పాటు ఇవి కూడా ఆపాలి: స్నానం నీళ్ళలో యాంటీసెప్టిక్ లిక్విడ్, సున్నం, నిమ్మరసం, వెల్లుల్లి, సెంటు వాసన పౌడర్లు, లోపల కడుక్కునే వాష్‌లు.

4. కడగడం, ఆరబెట్టడం

సగం సమస్య ఇక్కడే తేలిపోతుంది, కాబట్టి తొందరపడకుండా చేయండి.

ఆడవాళ్ళు బయట భాగాన్ని మామూలు నీళ్ళతో, కావాలంటే వాసన లేని తేలికపాటి సబ్బుతో కడిగితే చాలు. యోని లోపల కడగకూడదు. అక్కడి మంచి బాక్టీరియా ఆమ్లగుణాన్ని 3.8 నుంచి 4.5 పీహెచ్ మధ్య ఉంచి కాపాడుతుంది. సబ్బు, షవర్ పైపు, బెటాడిన్ లోపలికి పంపితే ఆ కాపలా పోతుంది. కడిగేటప్పుడు, తుడిచేటప్పుడు చెయ్యి ముందు నుంచి వెనక్కి పోవాలి. మగవాళ్ళు ముందు చర్మాన్ని సులువుగా వచ్చినంత మేర వెనక్కి తీసి, కడిగి, ఆరాక మళ్ళీ ముందుకు తేవాలి. చివరి పని మరిస్తే ఒకటో మెట్టులో చెప్పిన వాపు వస్తుంది.

గుంటూరు మిర్చియార్డులో, కోల్డ్ స్టోరేజీల్లో పనిచేసేవాళ్ళకూ, కళ్ళాల్లో తొడిమలు తీసే ఆడవాళ్ళకూ ఒక మాట. మీరు చేతులు కడగాల్సింది బాత్రూంకి వెళ్ళొచ్చాక మాత్రమే కాదు, వెళ్ళే ముందు కూడా. మిరప ఘాటు నూనెలో కరుగుతుంది, నీళ్ళలో కరగదు. చేతులకి కాస్త వంటనూనె రుద్ది, గోళ్ళ సందుల్లోకి కూడా పోనిచ్చి, తర్వాత సబ్బుతో రెండుసార్లు కడగండి. ఈ మంటనే మూత్రంలో ఇన్‌ఫెక్షన్ అనుకుని యాంటీబయాటిక్ అడుగుతారు. యార్డు నుంచి రాగానే బట్టలు మార్చడం, లోదుస్తుల్ని దుమ్ము పట్టిన బట్టలతో కలిపి ఉతక్కపోవడం కూడా అవసరమే.

కడిగాక ఆరబెట్టడం. మన ఎండాకాలం చెమటకి గజ్జల మడతలు రోజంతా తడిగానే ఉంటాయి. మెత్తటి కాటన్ గుడ్డతో అద్ది, రెండు నిమిషాలు ఫ్యాను కింద ఆరనిచ్చి, అప్పుడు వేసుకోండి.

- లోదుస్తులు కాటన్‌వి, వదులువి. బాగా చెమట పడితే మధ్యాహ్నం ఇంకోటి మార్చడం
- చీర కింద దాచి, బాత్రూం కడ్డీ మీద ఆరేయడం మానేసి ఎండలో ఆరేయడం. ఎండ లేనప్పుడు తిరగేసి, కుట్లు, ఎలాస్టిక్ దగ్గర ఇస్త్రీ చేయడం
- తామర ఉన్నన్నాళ్ళు ఆ బట్టలు, తువ్వాలు విడిగా వేడినీళ్ళలో ఉతకడం. తువ్వాలు ఒకరిది ఒకరు వాడకపోవడం
- బహిష్టులో ప్యాడ్ నాలుగు నుంచి ఆరు గంటలకోసారి మార్చడం, రక్తం తక్కువగా ఉన్నా సరే
- మొలతాడు

మొలతాడు సంగతి చెప్పాలి. నూలు తాడు చెమట పీల్చి ఎప్పుడూ తడిగా ఉంటుంది, ఫంగస్ దాంట్లో నిలవుంటుంది. నడుము చుట్టూ, గజ్జల్లో తామర ఉన్నప్పుడు తాడు అలాగే ఉంచి మందు రాస్తే తిరిగి తిరిగి వస్తుంది. తీయడం ఇష్టం లేకపోతే పాతది మార్చి కొత్తది కట్టుకోండి, లేదా వెండిది వేసుకుని రోజూ కడిగి తుడవండి. అమ్మమ్మ ఒప్పుకోకపోతే డాక్టరు చెప్పాడనండి. నిజంగానే చెబుతారు.

5. ఇది ఏ కోవలోది?

*గజ్జల్లో దురద.* అంచు ఎర్రగా, పొలుసుగా, గుండ్రంగా పాకుతూ మధ్యలో కాస్త తేరుకున్నట్టుంటే తామర కావచ్చు. ఇది తొడల లోపలికి పాకుతుంది, వృషణాల సంచి మీదకి సాధారణంగా రాదు. సంచి కూడా ఎర్రబడి, చుట్టూ చిన్న చిన్న పొక్కులుంటే కాండిడా అనే మరో ఫంగస్ కావచ్చు. కాళ్ళ వేళ్ళ మధ్య ఒరుసుకుపోయి ఉందేమో కూడా చూడండి. ఉంటే అక్కడి ఫంగస్ లోదుస్తులు తొడిగేటప్పుడు పైకి వస్తుంది. ముందు సాక్సు, తర్వాత లోదుస్తు వేసుకోవడం దీనికి సులువైన ఉపాయం. రాత్రిపూట దురద ఎక్కువై, ఇంట్లో ఇంకొకరికీ ఉంటే గజ్జి అయ్యుండొచ్చు, దానికి ఇంటిల్లిపాదీ ఒకేసారి మందు వాడాలి.

*తెల్లబట్ట.* వాసన, దురద లేకుండా తెల్లగానో నీళ్ళగానో అవుతుంటే అది సహజం. రెండు బహిష్టుల మధ్య రోజుల్లో గుడ్డు తెల్లసొనలా సాగుతూ ఎక్కువవడం కూడా సహజమే. దీనికి "ఒంట్లో వేడి" అని పేరు పెట్టి టానిక్కులు తాగనక్కర్లేదు. విరిగిన పాలలా గడ్డలుగా, విపరీతమైన దురదతో ఉంటే కాండిడా. పల్చగా, బూడిద రంగులో, చేప వాసనతో ఉంటే బాక్టీరియా సమతుల్యం తప్పినట్టు. పచ్చగా నురగతో, మంటతో ఉంటే ట్రైకోమోనాస్ అనే అంటువ్యాధిని అనుమానించాలి. మూడింటికీ మందులు వేరు. ఒకరికి తగ్గిన టాబ్లెట్ పక్కింటావిడ వేసుకుంటే పని చేయకపోవడం ఇందుకే. మొదటిసారి వచ్చినా, గర్భంతో ఉన్నా సొంత వైద్యం వద్దు, గైనకాలజిస్టుకి చూపించుకోండి. బహిష్టులు ఆగిపోయాక రక్తం కనపడితే, చుక్కయినా సరే, వెంటనే వెళ్ళాలి.

*సంచి వాపు.* నొప్పి లేకుండా నెమ్మదిగా పెరిగి బరువుగా అనిపిస్తే వరిబీజం కావచ్చు. కోస్తాలో దోమకాటుతో వచ్చే, బోదకాలు తెచ్చే ఫైలేరియా దీనికి ఒక కారణం. ఆ పురుగులు రక్తంలోకి రాత్రిపూట వస్తాయి కాబట్టి రక్తపరీక్ష కూడా రాత్రి తీస్తారు. దగ్గితే ఉబ్బి, పడుకుంటే తగ్గిపోయేది గిలక. ఎడమవైపు నరాలు ఉబ్బి ముద్దగా తగిలితే వేరికోసిల్, పిల్లలు పుట్టని వాళ్ళలో డాక్టర్లు ముందుగా వెతికేవాటిలో ఇదొకటి. మూడింటికీ నూనె మర్దనలు, పట్టీలు వైద్యం కావు.

*పుండ్లు.* నొప్పి లేని ఒకే పుండు సిఫిలిస్ కావచ్చు. కొన్ని వారాల్లో దానంతటదే మానిపోతుంది, రోగం మాత్రం ఒంట్లోనే ఉంటుంది. నీటి పొక్కులు గుంపుగా వచ్చి చిట్లి మండితే హెర్పిస్ కావచ్చు. రెండిటికీ క్రీము రాసి చూద్దాం అనే మాటే లేదు.

*ముందు చర్మం బిగుసుకుపోవడం, పగుళ్ళు.* పెద్దయ్యాక కొత్తగా మొదలైతే మొదట చేయించుకోవాల్సింది షుగర్ పరీక్ష. చాలామందికి షుగర్ ఉన్నట్టు ఇలాగే బయటపడుతుంది. ఇప్పటికే షుగర్ మందులు వాడేవాళ్ళు చీటీలో డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ ఉన్నాయేమో చూడండి. అవి చక్కెరని మూత్రంలోకి పంపించేస్తాయి, దాంతో ఆడామగా ఇద్దరికీ అక్కడ ఫంగస్ పెరిగే అవకాశం ఉంది. సొంతంగా మాత్ర ఆపొద్దు, రాసిన డాక్టరుకి చెప్పండి.

6. ఇప్పుడు క్రీము

తామర అని గట్టిగా అనిపించి, కొత్తగా వచ్చి, అరచేయంత మేర కూడా లేకపోతే మాత్రమే ఇంట్లో మొదలుపెట్టండి. క్లోట్రిమజోల్ లాంటి ఫంగస్ మందు ఒక్కటే ఉన్న క్రీము తీసుకోండి.

- కడిగి పూర్తిగా ఆరాక రాయాలి
- చూపుడు వేలి చివరి గణుపు పొడవునా పిండిన క్రీము రెండు అరచేతుల మేర సరిపోతుంది
- కనిపించే అంచు దాటి రెండు సెంటీమీటర్లు బయటికి, చుట్టూ
- బయటి నుంచి లోపలికి రాసి, చేతులు సబ్బుతో కడుక్కోవాలి
- రోజుకి రెండుసార్లు, మచ్చ కనపడకుండా పోయాక ఇంకో రెండు వారాలు

చివరిది ఎవరూ పాటించరు. దురద తగ్గిన నాలుగో రోజుకే ట్యూబు అలమరలోకి పోతుంది, నెల తిరక్కుండా తామర మళ్ళీ వస్తుంది.

రెండు వారాలు సరిగ్గా వాడినా తగ్గకపోతే, పాకుతుంటే, షుగర్ ఉంటే డాక్టరు తప్పనిసరి. మన దేశంలో టెర్బినాఫిన్ అనే ఫంగస్ మందుకి లొంగని తామర ఇప్పుడు బాగా కనిపిస్తోంది, కాబట్టి మాత్రలు, వాటి మోతాదు, ఎన్నాళ్ళు అన్నది డాక్టరే చెప్పాలి.

7. డాక్టరు దగ్గరికి వెళ్ళే ముందు

ఎవరి దగ్గరికి? చర్మం, పుండ్లు, సుఖవ్యాధులకు చర్మవ్యాధుల డాక్టరు. తెల్లబట్ట, బహిష్టు, పొత్తికడుపు సంగతులకు గైనకాలజిస్టు. మూత్రం, ముందు చర్మం, వృషణాలకు యూరాలజిస్టు. వరిబీజం, గిలకకు జనరల్ సర్జన్. విజయవాడలో సిద్ధార్థ మెడికల్ కాలేజీకి అనుబంధంగా ఉన్న ప్రభుత్వాసుపత్రిలో, గుంటూరు జీజీహెచ్‌లో ఈ విభాగాల ఓపీలున్నాయి. ఉదయాన్నే వెళ్ళి చీటీ రాయించుకోండి. ప్రభుత్వాసుపత్రుల్లో హెచ్ఐవీ పరీక్ష ఉచితం, ఫలితం రహస్యంగా ఉంచుతారు. హెచ్ఐవీ గురించి ఫోన్‌లోనే అడగాలనుకుంటే 1097 టోల్‌ఫ్రీ.

ముందు రోజు చూసుకోవాల్సినవి:

- తామర చూపించుకునే ఉదయం క్రీము, పౌడర్ రాయకూడదు. పొలుసు గీకి సూక్ష్మదర్శిని కింద చూస్తారు
- యోని స్వాబ్ (దూదిపుల్లతో తీసే నమూనా) ఉంటే రెండు రోజుల ముందు నుంచి లోపల మాత్రలు, క్రీములు, కలయిక వద్దు. బహిష్టు రోజులు కాకుండా చూసుకోవాలి
- మూత్రం కల్చర్ యాంటీబయాటిక్ మొదలుపెట్టక ముందే ఇవ్వాలి. శుభ్రంగా కడుక్కుని, మొదటి ధార వదిలేసి మధ్య ధార పట్టి, గంటలోపు ల్యాబ్‌కి చేర్చాలి
- వాడిన ట్యూబులు, స్ట్రిప్పులు అన్నీ ఒక కవర్‌లో. సిగ్గుపడి ఒకటి దాచినా లెక్క తప్పుతుంది
- వచ్చిపోయే మచ్చయితే ఫోన్‌లో ఫొటో తీసుకోండి. అది ఇంట్లోవాళ్ళందరూ చూసే గ్యాలరీలోకి బ్యాకప్ కాకుండా చూసుకోండి

గదిలో నోరు పెగలకపోతే ఈ నాలుగు ముక్కలు కాగితం మీద రాసి చేతికివ్వండి: ఎక్కడ, ఎన్నాళ్ళ నుంచి, ఏమేం వాడాను, భార్యకో భర్తకో కూడా ఉందా. "అక్కడ", "కింద" అంటే చాలదు, రెండో మెట్టులో చూసుకున్న భాగం పేరు చెప్పండి. మగ డాక్టరు పరీక్ష చేసేటప్పుడు ఇంకో ఆడమనిషి గదిలో ఉండాలని అడిగే హక్కు మీకుంది. నర్సమ్మని పిలవమని మామూలుగా చెప్పండి, ఎవరూ తప్పుగా అనుకోరు.

30 దాటిన ఆడవాళ్ళు ఎలాగూ వెళ్ళారు కాబట్టి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ స్క్రీనింగ్ గురించి అడగండి. ఇంట్లో 9 నుంచి 14 ఏళ్ళ అమ్మాయి ఉంటే ఆ క్యాన్సర్ రాకుండా వేసే హెచ్‌పీవీ టీకా గురించి కూడా.

8. భార్యాభర్తలిద్దరి సంగతి

ట్రైకోమోనాస్, సిఫిలిస్, గనేరియా లాంటివి తేలితే ఒక్కరికే మందు వాడి లాభం లేదు. భార్య కోర్సు పూర్తి చేస్తుంది, భర్త తనకేం లేదంటాడు, నెలకి మళ్ళీ ఆవిడకే వస్తుంది. మగవాళ్ళలో ట్రైకోమోనాస్ చాలాసార్లు ఏ లక్షణమూ చూపించదు కాబట్టి ఆయన మాట ఆయనకి నిజమే అనిపిస్తుంది. ఇద్దరూ ఒకేసారి వాడాలి, ఇద్దరి కోర్సూ పూర్తయి డాక్టరు సరేననేదాకా కలయిక ఆపాలి. కాండిడాకి ఈ నియమం లేదు, భర్తకి దురదో ఎరుపో ఉంటేనే చూపించుకోవాలి.

ఎప్పుడో ఒక్కసారి జరిగిన కలయిక గురించి టెన్షన్ ఉంటే మరుసటి వారమే చేయించుకున్న పరీక్ష నెగెటివ్ వచ్చినా అది ఆఖరి మాట కాదు. హెచ్ఐవీకి, సిఫిలిస్‌కి మూడు నెలలకి మళ్ళీ చేయించుకోవాలి. ఆలోపు కండోమ్ వాడాలి. లోపల పెట్టుకునే క్లోట్రిమజోల్ మాత్రలు, నూనె ఆధారంగా చేసిన క్రీములు కండోమ్ రబ్బరుని బలహీనం చేస్తాయి, ఆ కోర్సు నడుస్తున్న రోజుల్లో దాన్ని నమ్ముకోవద్దు.